ఆలన్ ట్యూరింగ్

మద్రాసు రాజధానిలో ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగిగా పనిచేసిన జూలియస్ ట్యూరింగ్ అను ఆంగ్లేయుడు తన యుద్యోగకాలమున పెక్కు తెలుగు ఊళ్లలో కాపురముండెను. పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు అతడు బదిలీలపై తిరిగిన చోట్లు. 1911వ సంవత్సరమున అతడు గంజాము జిల్లాలోని ఛత్రపురమునకు చేరెను. ఆ జిల్లా నాడు మద్రాసు రాజధానిలోనిదే. అతని భార్య పేరు ఎథెల్ సారా. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. తుంగభద్రపై వంతెన కట్టించినవాడు. చప్పుడు చేయక తిరుగు పంకా చక్రము నొకదానిని కనిపెట్టి, దానిపై పేటెంటు హక్కును పొందినవాడు. ఈ దంపతుల రెండవ కుమారుడే కంప్యూటరు శాస్త్రమునకు పునాదులు వేసిన ఆలన్ మాథిసన్ ట్యూరింగ్.

ఆలన్ 1912 జూన్ 23వ తేదీన లండను నగరమున జన్మించెను. హిందూదేశపు ఎండలు పసిపిల్లలకు సరిపడవని తలంచి తల్లిదండ్రులు అతనిని, అతని అన్నయగు జాన్‌ను ఇంగ్లండు దక్షిణతీరమున సెయింట్ లెనార్డ్స్ అను ఊర ఒక విశ్రాంత సైనికోద్యోగి ఇంట నుంచిరి. తల్లిదండ్రులు వచ్చుచు పోవుచు నుండిరే కాని, అందరును ఒకచోట స్థిరముగా కలిసియుండుట ఆ కుటుంబమునకు అరుదు. 1926లో జూలియస్ ఉద్యోగమును విడిచెను. తండ్రి, తాత ఇన్నేండ్లు పనిచేసిన ఈ దేశమును ఆలన్ ఎన్నడును కన్నులార చూడలేదు.

ఆ 1926వ సంవత్సరముననే పదుమూడేండ్ల ఆలన్ షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసియుండెను. అతడు ఫ్రాన్సునుండి ఓడలో సౌతాంప్టన్ రేవునకు చేరునప్పటికి దేశమంతట సార్వత్రిక సమ్మె జరుగుచుండెను. రైళ్లు నడువలేదు. పాఠశాల అచటికి 60 మైళ్ల దూరమున నున్నది. బాలుడు వెనుదీయక తన సైకిలునెక్కి, దారిలో ఒక సత్రమున ఆ రాత్రి గడిపి, మరునాడు పాఠశాలకు చేరెను. ఈ పట్టుదలను మెచ్చినవారే అతని చేవ్రాతను చూచి తల పట్టుకొనిరి. కాగితముపై సిరామరకలు, వంకర గీతలు; లెక్క సరిగనే యుండును, దానిని చదువుట మాత్రము దుర్లభము. ఉపాధ్యాయులు చెప్పిన దారిని విడిచి తన దారిన లెక్క చేయుట అతని అలవాటు. ఇతరులకు అర్థమగునా కాదా అను విచారము అతనికి నాడును లేదు, తరువాతను అంతగా కలుగలేదు.

షెర్బోర్నులో అతనికి క్రిస్టఫర్ మోర్కమ్ అను మిత్రుడు లభించెను. ఇద్దరును గణితమును, ఖగోళశాస్త్రమును గూర్చి గంటల తరబడి మాటలాడుకొనెడివారు. 1930 ఫిబ్రవరిలో మోర్కమ్ క్షయవ్యాధిచే అకాలమరణము నొందెను. ఆ దుఃఖము ట్యూరింగును చిరకాలము వెంటాడెను. మరుసటి సంవత్సరము అతడు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో తన యిరువదిరెండవ యేట ఆ కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యెను.

ఆ దినములలో గణితశాస్త్రజ్ఞులను వేధించుచున్న ప్రశ్న యొకటి కలదు. ఏ గణిత వాక్యమునైనను ఇచ్చినచో, అది నిరూపింపదగినదా కాదా అని తేల్చుటకు, ఆలోచనతో పనిలేక యాంత్రికముగా నడచు పద్ధతి యేదైన ఉండునా? దానికి సమాధానము వెదకుచు ట్యూరింగ్, లెక్క కట్టుచున్న మనుష్యుడు నిజముగా ఏమి చేయుచున్నాడని పరికించెను. కంప్యూటరు అను మాటకు నాడు లెక్కలు కట్టు మనిషి అనియే అర్థము. అతని యెదుట గళ్ల కాగితమున్నది. ఒకమారు కొన్ని గళ్లను మాత్రమే చూడగలడు. తలలో కొద్ది విషయములనే నిలుపుకొనగలడు. ఒక గుర్తు వ్రాయును, లేదా చెరుపును. ప్రక్క గడికి పోవును. నడుమ లేచి పోవలసివచ్చినచో, మరల ఎచట మొదలిడవలెనో ఒక చీటీపై వ్రాసిపెట్టి పోవచ్చును. ఈ పనినంతయు చేయు ఒక యంత్రమును ట్యూరింగ్ ఊహించెను. దానికొక పొడవైన కాగితపు పట్టీ, ఆ పట్టీపై గళ్లు, గళ్లలో గుర్తులు. పని ఎట్లు చేయవలెనో తెలుపు ఆదేశములను సైతము అదే పట్టీపై వ్రాసినచో, ఒకే యంత్రము ఏ యంత్రము చేయు పనినైనను చేయగలదని అతడు 1936లో ప్రకటించిన వ్యాసమున చూపెను. యంత్రములచే తేల్చుటకు వీలులేని ప్రశ్నలు కలవని కూడ అందులోనే నిరూపించెను.

ఆ ఊహాయంత్రపు పట్టీకి అంతము లేదు. కావలసినంత వ్రాసికొనవచ్చును. కాగితముపై ఊహించినప్పుడు జ్ఞాపకమునకు ఖరీదు లేదు. నిజమైన యంత్రమును కట్టబూనినప్పుడు ఒక్కొక్క అంకెను దాచుటకును ఎంత పెనుగులాట కలదో అతడు పదియేండ్ల తరువాత తెలిసికొనెను.

అమెరికాలోని ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివి డాక్టరు పట్టము పొంది, 1938లో అతడు స్వదేశమునకు మరలెను. 1939 సెప్టెంబరులో యుద్ధము ప్రారంభమైన మరునాడే బ్లెచ్లీ పార్కు అను రహస్య కార్యాలయమున చేరి, జర్మనులు ఎనిగ్మా యంత్రముచే పంపు గూఢలేఖలను విప్పుటకు బాంబ్ అను యంత్రమును రూపొందించెను. జర్మను నౌకాదళపు సంకేతములను ఛేదించుటలో అతనిదే ముఖ్యపాత్ర. ఈ పని దశాబ్దముల వరకును రహస్యముగనే యుండెను. అచటి సహోద్యోగులు అతని వింత అలవాట్లను చెప్పుకొని నవ్వుకొనెడివారు. పుప్పొడి పడక తుమ్ములు వచ్చు కాలమున అతడు విషవాయు ముసుగు తగిలించుకొని సైకిలుపై పోవుచుండును. టీ త్రాగు లోటాను ఎవరును ఎత్తుకొనిపోకుండ గొలుసుతో కట్టివేయును. సైకిలు గొలుసు ఎన్ని చుట్లకొకమారు ఊడుచున్నదో లెక్కించుకొని, ఊడుటకు ముందుగనే దిగి సరిచేయును. క్రొత్త గొలుసు కొనుట అతనికి తోచలేదు. తెలివితో నిర్వహింపగల పనికి సామగ్రిని పెంచుట అతనికి సరిపడదని ఈ చిన్న సంగతియే తెలుపుచున్నది.

యుద్ధము ముగిసిన పిదప 1945 అక్టోబరులో ట్యూరింగ్ లండను సమీపమున టెడింగ్టనులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరెను. ఆ సంవత్సరాంతమునకే ఏ.సీ.ఇ. అను ఎలక్ట్రానిక్ గణనయంత్రమునకు సమగ్రమైన ప్రణాళికను సిద్ధపరచెను. వ్యయము 11,200 పౌనులని అంచనా వేసెను. యంత్రమునకు ప్రాణము వంటిది దాని జ్ఞాపకము. దానినే నేడు మెమొరీ యందురు. ఆ కాలమున దానికి దొరకిన మంచి సాధనము పాదరసము. అయిదడుగుల పొడవుగల గొట్టమును పాదరసముతో నింపి, ఒక కొనను శబ్దస్పందములను పంపుదురు. అవి సెకనులో వేయవ వంతు కాలమున రెండవ కొనకు చేరును. చేరినవానిని మరల మొదటి కొనకు త్రిప్పుదురు. ఇట్లు తిరుగుచున్నంత కాలము ఆ స్పందములు జ్ఞాపకముగా నిలిచియుండును. ఒక గొట్టమున సుమారు వేయి స్పందములు పట్టును. ట్యూరింగ్ కోరినవి ఇట్టి గొట్టములు సుమారు 200. నేటి కొలతలో అది యంతయు కూడి 25 కిలోబైట్లు మాత్రమే. ఇప్పుడు చేతిలో ఇముడు ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అంతకు ఎన్నో రెట్ల స్థలము పట్టుచున్నది. పాదరసమునకు బదులుగా జిన్ అను మద్యమును వాడవచ్చునని కూడ అతడు సూచించెను. అందు నీరును సారాయియు కలిసిన పాళ్లు, గది వేడిమిలో శబ్దవేగము మారకుండుటకు సరిగా కుదురునట!

పాదరసపు గొట్టములో ఒక చిక్కు కలదు. జాతరలో రంగులరాట్నమునెక్కిన వానిని పలుకరింపవలెనన్నచో అతడు చుట్టు తిరిగి మనయెదుటికి వచ్చు వరకు ఆగవలెను గదా! అట్లే కావలసిన అంకె గొట్టము కొనకు వచ్చు వరకు యంత్రము ఊరక నిలువవలెను. ట్యూరింగ్ దీనికి ఒక ఉపాయము నాలోచించెను. ఒక ఆదేశము నెరవేరు సమయమునకు సరిగా తరువాతి ఆదేశము వెలికి వచ్చునట్లు వానిని గొట్టములలో ముందుగనే అమర్చి వ్రాయవలెను. అట్లు చేసినచో యంత్రము క్షణమైనను వృథాగా నిలువదు. అయితే ప్రోగ్రాము వ్రాయువాడు ఒక్కొక్క అంకె ఏ క్షణమున ఎచట నుండునో లెక్కించుకొనవలెను. పదునైన బుద్ధిగలవారికి అది వినోదము; తక్కినవారికి తలనొప్పి.

కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ అను శాస్త్రజ్ఞుడు దీనిని అంగీకరింపలేదు. యంత్రము ఉన్నది దానిని కట్టిన గణితజ్ఞుల కొరకు కాదు. రసాయనము, ఖగోళము మొదలైన శాస్త్రములవారి కొరకు. వారికి గొట్టములలోని స్పందముల వెంట పరుగెత్తు తీరిక ఎక్కడిది? కొంత వేగము పోయిన పోనిండు, కొంత సామగ్రి ఎక్కువైన కానిండు, ఆదేశములను వ్రాయుట సులభముగా నుండవలెనని అతని మతము. అతని శిష్యుడు డేవిడ్ వీలర్ ఆదేశములను అక్షరములతో వ్రాయుటకు వీలు కల్పించెను. ఒకరు వ్రాసిన చిన్న ప్రోగ్రాములను ఇతరులు వాడుకొనుటకు అచట ఒక గ్రంథాలయమే ఏర్పడెను. ట్యూరింగునకు ఇది నచ్చలేదు. ఆలోచించి తీర్చుకొనవలసిన చిక్కులను సామగ్రిని పోగుచేసి దాటుట అమెరికావారి మార్గమని 1946లో తన పైయధికారికి వ్రాసి, విల్క్స్ సూచనలను త్రోసిపుచ్చెను.

వీరిలో ఎవరు గెలిచిరని అడిగినచో సమాధానము తేలిక కాదు. విల్క్స్ కట్టిన ఎడ్‌సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన పనిచేయ నారంభించెను. నాటికి ట్యూరింగ్ యంత్రము ఇంకను పూర్తికాలేదు. కార్యాలయపు జాగుతో విసిగి అతడు 1948లోనే టెడింగ్టనును విడిచెను. కాని అతని ప్రణాళికను తగ్గించి కట్టిన పైలట్ ఏ.సీ.ఇ. 1950 మే 10వ తేదీన తన మొదటి ప్రోగ్రామును నడిపెను. ఎడ్‌సాకులో 3,000 వాల్వులుండగా ఇందులో సుమారు 800 మాత్రమే. అయినను అది ఆ కాలపు యంత్రములలో మిక్కిలి వేగవంతమైన వానిలో ఒకటిగా పేరొందెను. దాని ననుసరించి డ్యూస్ అను పేర ముప్పదికి పైగా యంత్రములు తయారయ్యెను. వానిని వాడినవారు ట్యూరింగ్ చెప్పినట్లే ఆదేశములను అమర్చి వ్రాయుట నేర్చుకొనిరి.

1947 ఫిబ్రవరిలో లండను గణితసంఘమున చేసిన ఉపన్యాసములో అతడు తగినంత జ్ఞాపకమును సమకూర్చుటయే గణనయంత్రమునకు కీలకమని చెప్పెను. టెలిఫోను తీగ ద్వారా దూరముననున్న యంత్రమును నడుపవచ్చునని కూడ అప్పుడే ఊహించెను. మరియొక చమత్కారమైన మాటయు చెప్పెను. ప్రోగ్రాములు వ్రాయు పెద్దలు, తమ పని యంత్రమే చేయగల కాలము వచ్చినప్పుడు, ఎవరికిని అర్థము కాని మాటలతో ఆ విద్యను రహస్యముగా దాచుకొనవచ్చునట. ఈ మాట చెప్పినవాడే కొలది యేండ్లలో తానును ఎవరికిని అర్థము కాని వ్రాతకు ప్రచారకుడగుట విచిత్రము.

అది మాంచెస్టరులో జరిగినది. అచటి విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ విలియమ్స్, టామ్ కిల్బర్న్ అను ఇంజనీర్లు పాదరసమును విడిచి, టెలివిజను తెర వంటి గాజు గొట్టముపై విద్యుత్తు చుక్కలుగా అంకెలను నిలుపు పద్ధతిని కనుగొనిరి. ఇందు రంగులరాట్నము చిక్కు లేదు. ఏ అంకెనైనను తక్షణమే అందుకొనవచ్చును. 1948 జూన్ 21వ తేదీన నడచిన వారి మొదటి చిన్న యంత్రమునకు 1,024 అంకెల జ్ఞాపకము మాత్రమే కలదు. ఆ సంవత్సరమే ట్యూరింగ్ అచటికి పోయెను. తరువాత యంత్రము పెరిగెను. తిరుగు అయస్కాంతపు డ్రమ్ము ఒకటి దానికి చేరెను. తెరలపై జ్ఞాపకము కొంచెము, వేగవంతము. డ్రమ్ముపై విస్తారము, నిదానము. ఏది ఎచట నుంచవలెనో, ఎప్పుడు డ్రమ్మునుండి తెరకు తేవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే చూచుకొనవలెను.

ఆ యంత్రముకడ పని చేయుట ఒక వ్యాయామమే. తొలిదినములలో యంత్రము క్రింది అంతస్తున, కాగితపు పట్టీని చదువు పరికరము పై అంతస్తున ఉండెను. క్రింద మీటలు సరిచేసి, పైకి పరుగెత్తి పట్టీని తగిలించి, మరల క్రిందికి వచ్చునప్పటికి యంత్రము ఆగిపోక యున్నచో అదృష్టమే. వారమునకు కొన్ని రాత్రులు ట్యూరింగ్ యంత్రముకడనే గడపెడివాడు. టెలిప్రింటరు పట్టీపై అయిదు రంధ్రములతో 32 గుర్తులు ఏర్పడును. అంకెలన్నిటిని ఆ 32 గుర్తులతోనే, అదియును తలక్రిందులుగా, చిన్న స్థానము ముందును పెద్ద స్థానము వెనుకను వచ్చునట్లు వ్రాయవలెనని అతని నియమము. సున్నకు గుర్తు ఏటవాలు గీత. అందుచే కాగితములన్నియు ఆ గీతలతో నిండి, ఎడతెగని మాంచెస్టరు వానను తలపించెనని వాడుక.

దీనికి అతని సమర్థన లేకపోలేదు. యంత్రములో ఉన్నది ఉన్నట్లు చదువుట నేర్చినవాడు తెరపై చుక్కలను చూచినంతనే తప్పు ఎచటనో పట్టగలడు. పదుల లెక్కలోనికి మార్చుటకు వేరొక ప్రోగ్రాము కావలెను. అది కొంత జ్ఞాపకమును, కొంత కాలమును మ్రింగివేయును. ఇంత చిన్న యంత్రమున మనిషి సుఖము కొరకు ఆ వ్యయమేల అని అతని వాదము. అతనికి అలవాటు ఎంతగా ముదిరెననగా, 1949 జూన్‌లో కేంబ్రిడ్జి సభలో నల్లబల్లపై మామూలు లెక్క చేయుచు అంకెలను తలక్రిందులుగా వ్రాయగా సభలోనివారికి దిక్కు తోచలేదు. పెద్ద ప్రోగ్రాము తప్పు లేకుండ నడచునని ముందుగా ఎట్లు నిరూపించవచ్చునో తెలిపిన ఆనాటి ఉపన్యాసము చాల విలువైనది. దాని విలువను లోకము గుర్తించుటకు ఏండ్లు పట్టెను. దానికి కారణములలో ఆ వ్రాతయు నొకటియేమో!

అయినను ఆ కష్టమైన మార్గముననే నడచి అద్భుతములు చేసినవారును కలరు. క్రిస్టఫర్ స్ట్రేచీ అను బడిపంతులు ట్యూరింగ్ వ్రాసిన మార్గదర్శిని చదివి, 1951లో వేయికి పైగా ఆదేశములుగల ప్రోగ్రామును వ్రాసి తెచ్చెను. అంత పెద్ద ప్రోగ్రామును అచట ఎవరును చూచియుండలేదు. ఒక్క రాత్రిలో అది నడచెను. చివర యంత్రము ఆంగ్లేయుల జాతీయగీతమును వాయించెను.

1950లో ప్రకటించిన వ్యాసమున ట్యూరింగ్, యంత్రములు ఆలోచింపగలవా అను ప్రశ్నను తీసికొని, మాటలాడునది మనిషియో యంత్రమో చూడక కనిపెట్టు పరీక్షను ప్రతిపాదించెను. అందులోను అతడు జ్ఞాపకమును కొలిచెను. మాంచెస్టరు యంత్రమునకు 1,74,380 అంకెల జ్ఞాపకము కలదు. వంద కోట్ల అంకెల జ్ఞాపకమున్నచో యంత్రము ఆ పరీక్షలో చక్కగా నిలువగలదనియు, సుమారు 50 ఏండ్లలో అది సిద్ధించుననియు అతడు తలంచెను. తాను దినమునకు వేయి అంకెల ప్రోగ్రాము వ్రాయగలడు కనుక, 60 మంది 50 ఏండ్లు ఏమియు చెత్తబుట్టలో పడవేయక పనిచేసినచో ఆ పని ముగియునని లెక్క కట్టెను. అంతకంటె సులువైన దారి కావలెనని తలంచి, పసిపిల్లవానికి చదువు చెప్పినట్లు యంత్రమునకు నేర్పుట మేలని సూచించెను. నేటి యంత్రములు నడచుచున్నది ఈ రెండవ దారినే.

పరుగు పందెములలోను అతడు గట్టివాడు. 1947లో మారథాన్ పరుగును 2 గంటల 46 నిమిషములలో ముగించి దేశపు పోటీలలో అయిదవవాడుగా నిలిచెను. 1951లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. జంతువుల చర్మముపై మచ్చలు, చారలు ఎట్లేర్పడునో గణితముచే వివరించిన వ్యాసము 1952లో వెలువడెను.

ఆ 1952లోనే అతనికి ఆపద వచ్చెను. పురుషుడు పురుషుని ప్రేమించుట నాటి ఇంగ్లండులో నేరము. ఆ చట్టము క్రింద ట్యూరింగ్ దోషిగా నిర్ణయింపబడి, చెరసాలకు బదులు ఏడాదిపాటు మందులతో చికిత్సకు లోబడవలసివచ్చెను. రహస్యకార్యములకు అతనిని పనికిరానివానిగా చేసిరి. దేశమును కాపాడినవానికి దేశము చేసిన ఈ అపచారము క్షమింపరానిది. 1954 జూన్ 7వ తేదీన, నలువది రెండేండ్లు నిండకమునుపే, అతడు తన యింట మరణించెను. విచారణలో అది ఆత్మహత్యగా తేల్చిరి. రసాయన ప్రయోగములలో జరిగిన ప్రమాదమని తల్లి నమ్మెను. 2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించెను. 2021లో వెలువడిన 50 పౌనుల నోటుపై అతని చిత్రము అచ్చయ్యెను.

అతడు మరణించిన యేడే మాంచెస్టరులో టోనీ బ్రూకర్ ఆటోకోడ్ అను సులభమైన వ్రాతను ప్రవేశపెట్టెను. అందు 32 గుర్తులు లేవు, తలక్రిందుల అంకెలు లేవు. తెర యేదో డ్రమ్ము ఏదో వ్రాయువానికి తెలియనవసరము లేకుండ రెండు జ్ఞాపకములును ఒకటిగనే తోచును. 1962లో కిల్బర్న్ బృందము కట్టిన అట్లాస్ యంత్రము ఆ పనిని తానే చేసికొనజొచ్చెను. యంత్రము కొంత కాలమును పోగొట్టుకొనెను. వేలకొలది మనుష్యులు కాలమును మిగుల్చుకొనిరి.

1966 మొదలు ట్యూరింగ్ పేర కంప్యూటరు శాస్త్రమున మహోన్నతమైన బహుమతి ఏటేట ఇయ్యబడుచున్నది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1994లో మరియొక శాస్త్రజ్ఞునితో కలిసి దానిని పొంది, ఆ గౌరవమందిన తొలి ఆసియావాసి యయ్యెను. రెండవ యేట, 1967లో, ఆ బహుమతి లభించినది మారిస్ విల్క్సుకు. తన యంత్రమును త్రోసిపుచ్చినవాని పేరిటి గౌరవము నందుకొని చేసిన ఉపన్యాసమున విల్క్స్ పాదరసపు గొట్టముల కాలమును తలచుకొని, వానిలో జిన్ పోయుమన్న ట్యూరింగ్ సలహాను సభికులకు వినిపించెను.